కొల్లేరు ఎంత పెద్దది? పిల్లల ప్రాజెక్టులు, నెట్‌లో దొరికే జవాబులు

ఎనిమిదో తరగతి అమ్మాయికి కొల్లేరు సరస్సు మీద ప్రాజెక్టు ఇచ్చారనుకుందాం. విస్తీర్ణం ఎంతో రాయాలి. ఫోన్‌లో వెతికితే ఒక పేజీలో 245 చదరపు కిలోమీటర్లని ఉంటుంది. ఇంకో పేజీలో 308. మరోచోట 901. నాలుగోచోట ఏకంగా 90,100 అనే అంకె, పక్కన హెక్టార్లన్న మాట. ఒకే సరస్సుకు నాలుగు అంకెలు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది? మొదట కనబడ్డదాన్ని చార్టు మీదికి ఎక్కిస్తుంది. చుట్టూ స్కెచ్ పెన్నుతో పూల బోర్డరు గీస్తుంది. టీచరు టిక్కు పెడతారు, మార్కులు పడతాయి, చార్టు గోడకు ఎక్కుతుంది.

ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నాలుగు అంకెలు ఎందుకు వచ్చాయో అడగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిల్లలకు నెట్‌లో సమాచారం వెతికి పెట్టడం అంటే మనలో చాలామంది నాలుగు మంచి సైట్ల పేర్లు చెప్పడం అనుకుంటాం. సైట్ల పేర్లు కావలసిందే, ఈ కథనంలో అవీ ఉన్నాయి. కానీ అసలు లోటు అక్కడ లేదు. దొరికినదాన్ని మరొకదానితో పోల్చి చూసే అలవాటు లేకపోవడం దగ్గరుంది. అది నేర్పితే వచ్చే అలవాటే. ఎన్ని పీరియడ్లు పడతాయో కూడా లెక్క ఉంది.

ఫోన్ ఉంది, అరగంటే ఉంది

పల్లెల్లో పిల్లలకు ఫోన్ వాడటం రాదన్న మాట ఇప్పుడు చెల్లదు. ప్రథమ్ సంస్థ 2025 జనవరిలో విడుదల చేసిన ‘అసర్ 2024’ నివేదిక కోసం దేశంలోని 605 జిల్లాల్లో 17,997 గ్రామాలు తిరిగి దాదాపు ఆరున్నర లక్షల మంది పిల్లల వివరాలు సేకరించారు. అన్నీ పల్లెలే. 14 నుంచి 16 ఏళ్ల వయసు వాళ్లలో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లు 82.2 శాతం. అలా వచ్చినవాళ్లలో, అడిగిన రోజుకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పని కోసం ఫోన్ పట్టుకున్నవాళ్లు 57 శాతం. సోషల్ మీడియా కోసం పట్టుకున్నవాళ్లు 76 శాతం.

ఈ రెండు అంకెల మధ్య తేడా చూసి పిల్లల్ని తిట్టడం తేలిక. నాకు మాత్రం అదే నివేదికలోని మరో రెండు అంకెలు ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 36.2 శాతం మంది తమకు సొంత ఫోన్ ఉందన్నారు. అమ్మాయిల్లో ఆ మాట అన్నవాళ్లు 26.9 శాతమే. మిగతావాళ్లు వాడేది నాన్న ఫోనో, అన్న ఫోనో. నాన్న పని నుంచి ఇంటికి రావాలి, ఆయన మాట్లాడాల్సిన కాల్స్ అయిపోవాలి, బ్యాటరీ మిగలాలి, డేటా మిగలాలి. ఇవన్నీ కుదిరితే రాత్రి తొమ్మిదింటికి అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో పిల్ల నాలుగు పేజీలు తెరిచి పోల్చి చూడాలంటే, ఫోన్ చేతికి రాకముందే ఏం వెతకాలో కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ‘కొల్లేరు గురించి’ అని కాదు. ‘కొల్లేరు విస్తీర్ణం ఎంత, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు’ అని. ప్రశ్న ఎంత చిన్నదైతే అరగంట అంత బాగా పనికొస్తుంది.

బడి సంగతి కొంత మెరుగుపడుతోంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల్లో 2023-24లో ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం. 2024-25కి అవి 63.5 శాతమయ్యాయి. కంప్యూటర్లు ఉన్న బడులు 57.2 నుంచి 64.7 శాతానికి పెరిగాయి. అంటే ఇప్పటికీ ప్రతి మూడు బడుల్లో ఒకదానిలో నెట్ లేదు. అలాంటి బడి పిల్లలకు ‘నెట్‌లో చూసి రాసుకురండి’ అని హోంవర్కు ఇస్తే, ఆ పని చేసేది ఊరి సెంటర్లోని నెట్ షాపు అబ్బాయి. టాపిక్ పేరు చెబితే మొదటి పేజీలో వచ్చినదాన్ని కాపీ చేసి, రెండు బొమ్మలు కలిపి, కలర్ ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తాడు. డబ్బులు అమ్మానాన్నలవి, వెతుకులాట షాపు వాడిది, మార్కులు పిల్లవి. దీనికన్నా పాఠ్యపుస్తకంలోంచి ఒక పేరా అర్థం చేసుకుని సొంత మాటల్లో రాయించడం వెయ్యిరెట్లు మేలు.

నాలుగు అంకెల్లో ఏది నిజం?

ఇక కొల్లేరు దగ్గరికి వద్దాం. ముందు తేలికైన ముడి. ఒక చదరపు కిలోమీటరంటే 100 హెక్టార్లు. కాబట్టి 90,100 హెక్టార్లన్నా 901 చదరపు కిలోమీటర్లన్నా ఒకటే. నాలుగు అంకెలు మూడయ్యాయి. కొలతల మార్పు పిల్లలకు లెక్కల పుస్తకంలో వచ్చినదే, కాకపోతే లెక్కల టీచరు పీరియడ్ దాటాక దాన్ని వాడొచ్చని వాళ్లకు తోచదు.

ఈ 901 ఎవరు చెప్పిన అంకె? చిత్తడి నేలల్ని కాపాడటానికి 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని జాబితాలో కొల్లేరుది 1209వ నంబరు. చేరిన తేదీ 2002 ఆగస్టు 19. విస్తీర్ణం 90,100 హెక్టార్లు. మరి 308? అది 1999 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం. ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలంటే 308.55 చదరపు కిలోమీటర్లు. అంటే రెండూ అధికారిక అంకెలే. అయినా ఒకటి రెండోదానికి దాదాపు మూడింతలు.

కారణం నీటి మట్టంలో ఉంది. కొల్లేరు లోతు తక్కువ సరస్సు, అంచులు ఎత్తులేని పళ్లెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు, మరికొన్ని వాగులు తెచ్చిన నీళ్లు ఇందులో చేరి ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలోకి పోతాయి. మట్టం ఒక్క అడుగు పెరిగితే చాలు, నీరు అడ్డంగా ఊళ్ల మీదికి పాకుతుంది. సముద్ర మట్టానికి పైన 10 అడుగుల ఎత్తు దాకా నీరు నిలిస్తే అది 901 చదరపు కిలోమీటర్ల సరస్సు. 5 అడుగుల దాకా అయితే 308. 3 అడుగుల దాకానే అయితే 135. కైకలూరు ప్రాంతంలో రాజకీయ సభకు వెళ్లినా, టీ కొట్టు దగ్గర కూర్చున్నా ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అన్న మాటలు వినపడేది ఇందుకే. అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు, అంటే 5 అడుగుల ఎత్తు గీత. దాని లోపల చేపల చెరువులు ఉండకూడదు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ చెరువుల గట్లు తెగ్గొట్టారు. హద్దును మూడో కాంటూరుకు కుదించాలన్నది అక్కడ ఏళ్ల తరబడి సాగుతున్న డిమాండ్. కుదిస్తే పక్షులకూ వరద నీటికీ చోటెక్కడన్నది అవతలివాళ్ల ప్రశ్న.

ఇప్పుడు చూడండి, ‘విస్తీర్ణం ఎంత’ అన్న ఒక్క గడి నింపబోయిన పిల్లకు భూగోళం, లెక్కలు, చట్టం, జీవనోపాధి అన్నీ ఒక్కసారిగా ఎదురయ్యాయి. ప్రాజెక్టు అంటే ఇదే. ఆ అమ్మాయి తన చార్టులో ‘రామ్‌సర్ జాబితా ప్రకారం 901, అభయారణ్యం హద్దుల ప్రకారం 308.55, తేడాకు కారణం కాంటూరు’ అని మూడు ముక్కలు రాస్తే, అది కలర్ ప్రింటు తీసిన ఇరవై పేజీల కన్నా గొప్ప పని.

245 సంగతేమిటని అడుగుతారు. ఆ అంకె ఉన్న పేజీల్లో ఎవరు కొలిచారో, ఏ మట్టం దగ్గర కొలిచారో సాధారణంగా కనపడదు. ఎవరిదో తెలియని అంకెను పక్కన పెట్టడం పిల్లలకు నేర్పాల్సిన మొదటి క్రమశిక్షణ.

ఇంకొకటి. కొల్లేరు ‘ఆసియాలోనే అతిపెద్ద మంచినీటి సరస్సు’ అని చాలాచోట్ల రాసి ఉంటుంది. మన ఊరి సరస్సు గురించి గొప్పగా చదివితే సంతోషమే. కానీ రష్యాలోని బైకాల్ సరస్సు ఉన్నది ఆసియాలోనే, దాని విస్తీర్ణం సుమారు 31,500 చదరపు కిలోమీటర్లు. రెండో పేజీ తెరిచి చూస్తే చాలు, ఆ మాట నిలబడదు. ‘దేశంలోనే అతిపెద్దది’ అన్న బిరుదు కశ్మీర్‌లోని వులర్ సరస్సుకూ తగిలిస్తారు. వులర్ 1990లో రామ్‌సర్ జాబితాలో చేరింది, అక్కడ దాని విస్తీర్ణం 18,900 హెక్టార్లు, అంటే 189 చదరపు కిలోమీటర్లు. ‘అతిపెద్ద’, ‘మొట్టమొదటి’, ‘ఏకైక’ అన్న మాటలు కనబడినప్పుడల్లా పెన్సిలుతో కింద గీత గీసి, మరో చోట చూడమని పిల్లలకు చెప్పాలి.

పేజీలో ఉండిపోయినవాళ్లు, బయటికి వచ్చినవాళ్లు

ఇలా పోల్చి చూడకపోవడం మన పిల్లలకు మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లతో పెరిగిన అమెరికా పిల్లల్ని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018-19లో పరీక్షించారు. మొత్తం 3,446 మంది హైస్కూలు విద్యార్థులు. అమెరికా ఎన్నికల్లో రిగ్గింగు జరిగిందని చెప్పే ఒక వీడియో చూపించారు. నిజానికి ఆ దృశ్యాలు రష్యావి. నెట్ చేతిలోనే ఉంది, వెతుక్కోవచ్చు. 52 శాతం మంది అది గట్టి సాక్ష్యమే అన్నారు. ఆ వీడియో అసలు ఎక్కడిదో పట్టుకున్నవాళ్లు 3,446 మందిలో ముగ్గురు. మూడు శాతం కాదు, ముగ్గురు మనుషులు. వార్తకూ డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనకూ తేడా పట్టలేకపోయినవాళ్లు మూడింట రెండు వంతులు. వాతావరణ మార్పు మీద సమాచారం ఇచ్చే ఒక సైటు వెనక చమురు, బొగ్గు కంపెనీల సంబంధం ఉంటే దాని మాటను ఎంతవరకు నమ్మాలన్న ఆలోచన 96 శాతం మందికి రాలేదు.

అదే విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఇంకో పరిశీలన చేశారు. ఇందులో మనుషులు 45 మందే. పది మంది పీహెచ్‌డీ ఉన్న చరిత్రకారులు, పది మంది పత్రికల్లో నిజనిర్ధారణ చేసేవాళ్లు, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు. పిల్లల వైద్యుల సంఘాలవి రెండు సైట్లు ఇచ్చి, ఏది ఎక్కువ నమ్మదగినదో చెప్పమన్నారు. ఒకటి 1930లో పుట్టిన, 60 వేల మందికి పైగా సభ్యులున్న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. రెండోది దాన్నుంచి ఒక విధానం మీద విభేదించి 2002లో విడిపోయిన, కొన్ని వందల మంది మాత్రమే ఉన్న అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, రెండు సైట్లూ పొందికగానే కనబడతాయి. నిజనిర్ధారణ చేసేవాళ్లు పదికి పది మందీ మొదటిదే అన్నారు. చరిత్రకారుల్లో సగం మందే. విద్యార్థుల్లో 20 శాతం.

పీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎందుకు తడబడ్డారు? వాళ్లు మంచి చదువరులు కాబట్టి. ఇచ్చిన పేజీని పైనుంచి కింది దాకా శ్రద్ధగా చదివారు. రాత తీరు చూశారు, కింద ఇచ్చిన ఆధారాల జాబితా చూశారు, ‘మా గురించి’ అన్న పేజీ చూశారు. అవన్నీ ఆ సైటు వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నవే. నిజనిర్ధారణ చేసేవాళ్లు కొన్ని సెకన్లలోనే ఆ పేజీ వదిలేసి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో వెతికారు. పెళ్లి సంబంధం వస్తే మనమూ అబ్బాయి తరఫువాళ్లు చెప్పినదాంతో ఆగం కదా, ఆ ఊళ్లో నలుగురినీ వాకబు చేస్తాం. నెట్‌లో మాత్రం ఆ వాకబు మానేశాం.

పిల్లలకు నేర్పాల్సింది ఈ ఒక్క కదలికే: పేజీ చదవడం మొదలుపెట్టే ముందు దాన్లోంచి బయటికి రావడం. సైటు పేరును సెర్చ్‌లో వేసి, ఎవరు నడుపుతున్నారో, డబ్బు ఎవరిదో, వేరేవాళ్లు ఏమన్నారో రెండు నిమిషాలు చూడటం. బడుల్లో ఇప్పటికీ నేర్పుతున్న కొన్ని గుర్తులు పనికిరావు. చిరునామా చివర ‘డాట్ ఆర్గ్’ ఉంటే సేవాసంస్థ, నమ్మొచ్చు అంటారు. డబ్బు కడితే ఎవరైనా తీసుకోగల చిరునామా అది, అలాంటివి ప్రపంచంలో కోటికి పైగా ఉన్నాయి. పైన చెప్పిన రెండు వైద్య సంఘాల చిరునామాల చివరా అదే ఉంది. ‘గవ్ డాట్ ఇన్’ అలా కాదు, ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ‘ఏసీ డాట్ ఇన్’ విద్యాసంస్థలది. సెర్చ్‌లో మీ మాటల తరువాత ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా ‘గవ్ డాట్ ఇన్’ అని చేరిస్తే ప్రభుత్వ సైట్లలోని పేజీలే వస్తాయి. ఈ చిన్న కిటుకు తెలిసిన పిల్లకు అరగంటలో పదిహేను నిమిషాలు మిగులుతాయి.

పేజీ వయసు పట్టుకోవడం

సమాచారం ఎవరిదో తెలిశాక రెండో ప్రశ్న, ఎప్పటిది? చాలా పేజీల మీద తేదీ ఉండదు. మన రాష్ట్రాల సంగతైతే జిల్లాల సంఖ్యే తేదీ చెప్పేస్తుంది. తెలంగాణలో 10 జిల్లాలని ఉంటే ఆ పేజీ 2016 అక్టోబరు 11కి ముందుది. 31 అని ఉంటే ఆ తరువాతది, 2019 ఫిబ్రవరికి ముందుది. ములుగు, నారాయణపేట వచ్చాక 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలని రాసి ఉంటే అది 2022 ఏప్రిల్ 4కి ముందటి రాత. కొల్లేరు ‘కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉంది’ అన్న వాక్యం కూడా అలాంటిదే, ఏలూరు జిల్లా ఏర్పడింది ఆ ఏప్రిల్‌లోనే. ఈ ఆట పిల్లలకు భలే నచ్చుతుంది. క్లాసులో ఒక పాత పేజీ చూపించి ‘ఇది ఎప్పుడు రాశారో చెప్పండి’ అని అడిగి చూడండి.

జనాభా లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. దేశంలో చివరిసారి ఇంటింటికీ తిరిగి జనాభా లెక్క పూర్తి చేసింది 2011లో. 2021లో జరగాల్సింది జరగలేదు. కాబట్టి ‘2023 జనాభా’ అని ఏ పేజీలో కనబడినా అది లెక్కించింది కాదు, అంచనా వేసింది. 2011లోనూ రెండు దఫాల అంకెలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత తొలి అంకెల్లో 67.66 శాతం, తుది అంకెల్లో 67.02. పిల్ల 67.66 రాస్తే అది కల్పన కాదు, పాతది. తేడా అడిగితే చెప్పగలగాలి, అంతే.

తెలుగులో ఎంత దొరుకుతుంది?

2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో 8 కోట్ల 11 లక్షల మంది. ప్రపంచంలోని వెబ్‌సైట్ల భాషను లెక్కగట్టే డబ్ల్యూ3టెక్స్ సర్వేలో ఇంగ్లిష్ వాటా సుమారు సగం. తెలుగు వాటా 0.1 శాతం కన్నా తక్కువ. తెలుగు మీడియం పిల్ల తెలుగులో మాత్రమే వెతికితే ఎంత చిన్న గదిలో వెతుకుతోందో ఈ అంకె చెబుతుంది. రామ్‌సర్ పేజీ ఇంగ్లిష్‌లోనే ఉంది. దాన్ని పిల్ల పక్కన కూర్చుని చదివి పెట్టేవాళ్లు కావాలి, అది టీచరైనా సరే, డిగ్రీ చదివే అక్కయినా సరే. వెతికే మాటను తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి కొట్టించండి. వచ్చేవి వేరువేరు పేజీలు.

తెలుగులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది, వ్యాసాలు లక్ష దాటాయి. ఇంగ్లిష్ వికీపీడియాలో 70 లక్షలు. ‘వికీపీడియా చూడొద్దు’ అని పిల్లలకు చెప్పే టీచర్లున్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది, ఎవరైనా మార్చగల పేజీ అది. కానీ 2005లో ‘నేచర్’ పత్రిక సైన్సు వ్యాసాలు 42 జతలు తీసుకుని నిపుణులకు ఇస్తే వికీపీడియాలో 162 తప్పులు, బ్రిటానికాలో 123 తప్పులు బయటపడ్డాయి. బ్రిటానికా ఈ లెక్కను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, తప్పులు రెండిట్లోనూ ఉన్నాయి. నా ఉద్దేశంలో వికీపీడియా పనికొచ్చేది పైన ఉన్న వ్యాసం కోసం కన్నా కింద ఉన్న మూలాల జాబితా కోసం. పిల్లను నేరుగా పేజీ అడుగుకు తీసుకెళ్లండి. అక్కడ ఏ మూలమూ లేకపోతే ఆ వ్యాసం మీద ఆధారపడొద్దు. ‘చరిత్ర’ అన్న ట్యాబు నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కూడా కనబడుతుంది, అంత నిజాయితీగా తన వెనక గది చూపించే సైట్లు చాలా తక్కువ.

మిగతావి క్లుప్తంగా. దీక్ష వేదిక 2017 సెప్టెంబరు 5న మొదలైంది, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు అక్కడికే తీసుకెళ్తాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానూ చూడొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితం. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో బడి పిల్లలకు వేరే విభాగం ఉంది. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి, తాత ముత్తాతల కాలం నాటి ఊరి సంగతులు రాయాలనుకునే పిల్లకు అది గని. మాటల అర్థాలకు ఆంధ్రభారతి నిఘంటువు ఉంది. బొమ్మలు కావాలంటే వికీమీడియా కామన్స్‌లో 10 కోట్లకు పైగా దస్త్రాలున్నాయి, తీసినవాళ్ల పేరూ, అక్కడ చెప్పిన లైసెన్సూ కింద రాయాలి. ఇవన్నీ చెప్పాక కూడా ఒక మాట అనకుండా ఉండలేను. మొదటి ఆధారం సంచిలోనే ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. వెతకడానికి కావలసిన ఇంగ్లిష్ మాటలు ఆ పక్క పేజీలోనే దొరుకుతాయి.

జవాబు తానే రాసిచ్చే యంత్రం

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ప్రాజెక్టుల తీరే మారిపోయింది. ఇప్పుడు సెర్చ్‌లో కూడా లింకుల పైన ఒక తయారు జవాబు కనబడుతోంది. పిల్లలు అక్కడితో ఆగిపోతున్నారు. ఆధారాలు అడిగితే ఈ యంత్రాలు పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరుతో సహా ఇస్తాయి. 2023లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 42 అంశాల మీద చాట్‌జీపీటీతో 84 చిన్న వ్యాసాలు రాయించి, వాటిలో అది చూపిన 636 ఆధారాలను ఒక్కొక్కటిగా వెతికింది. పాత రకం 3.5 చూపినవాటిలో 55 శాతం అసలు లోకంలో లేనివి. తరువాతి రకమైన 4 చూపినవాటిలో 18 శాతం లేనివి. మెరుగుపడింది నిజమే. అయినా ఐదారింటిలో ఒకటి గాల్లోంచి పుట్టినదే.

2025 అక్టోబరులో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, బీబీసీ కలిసి 18 దేశాల్లో, 14 భాషల్లో ఇలాంటి యంత్రాలను వార్తల మీద ప్రశ్నలడిగి, సుమారు 3,000 జవాబులు పరిశీలించాయి. 45 శాతం జవాబుల్లో కనీసం ఒక పెద్ద లోపం ఉంది. 31 శాతం జవాబుల్లో ఆధారాలే సరిగా లేవు. పిల్లలకు వీటిని నిషేధించడం జరిగే పని కాదు, నేను కోరుకోనూ కోరుకోను. కష్టమైన ఇంగ్లిష్ పేరాను తేలిక తెలుగులో చెప్పమని అడగడానికి, ఏ మాటలతో వెతికితే బాగుంటుందో అడగడానికి ఇవి బాగా పనికొస్తాయి. కానీ యంత్రం చెప్పిన ఏ అంకెనైనా మనిషో సంస్థో సంతకం పెట్టిన పేజీలో కళ్లతో చూశాకే చార్టు మీదికి ఎక్కించాలి. ఈ ఒక్క నియమం ఇంట్లో పెట్టండి.

ఆరు పీరియడ్లు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో 499 మంది హైస్కూలు పిల్లలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. కొన్ని తరగతులకు ఆ బడుల టీచర్లే, పేజీలోంచి బయటికి వచ్చి వాకబు చేసే పద్ధతిని ఆరు పాఠాలుగా చెప్పారు. ఒక్కో పాఠం 50 నిమిషాలు. మొత్తం ఐదు గంటలు. పాఠాలు విన్న పిల్లలు, విననివాళ్ల కన్నా సైట్ల మంచిచెడ్డలు తేల్చడంలో స్పష్టంగా మెరుగయ్యారు. కొత్త ల్యాబులు కట్టలేదు, పిల్లకో ట్యాబ్ పంచలేదు. ఐదు గంటల టీచరు సమయం, అంతే.

మన బడిలో ఆరు పీరియడ్లు దొరకవా? ఒక ఫోను, ఒక ప్రొజెక్టరు ఉన్నా చాలు. రెండూ లేకపోతే ఒకే అంశం మీద మూడు పేజీలు ప్రింటు తీసి బెంచీకో సెట్టు ఇచ్చి, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కడ ఒకరితో ఒకరు ఏకీభవించడం లేదు అని అడగొచ్చు. ఫోన్ లేని ఇంటి పిల్లా ఫోన్ ఉన్న ఇంటి పిల్లా అక్కడ సమానం.

అసలు మార్పు మార్కుల దగ్గర రావాలి. తెలంగాణ బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఎఫ్‌ఏ) 50 మార్కులకు గాను ప్రాజెక్టు పనికి 10 మార్కులు. ఆ పదీ అందానికీ పేజీల సంఖ్యకూ పోతుంటే పిల్లలు అందమే తెస్తారు. అందులో నాలుగు మార్కులు ఆధారాలకు కేటాయించి చూడండి. కనీసం రెండు వేరువేరు చోట్ల చూసినందుకు రెండు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చూశారో రాసినందుకు ఒకటి. రెండు చోట్లా తేడా వస్తే ఆ తేడాను దాచకుండా రాసినందుకు ఒకటి. తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా చిన్నది. పిల్ల ‘దొరికింది’ అనగానే ‘ఎవరు చెప్పారమ్మా, ఇంకెక్కడ చూశావు?’ అని అడగాలి. ఇంగ్లిష్ రాకపోయినా అడగగల ప్రశ్న అది.

టీచర్లకూ ప్రధానోపాధ్యాయులకూ నా విన్నపం ఒక్కటే. వచ్చే ఎఫ్‌ఏకి ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు చార్టు సైజు చెప్పడం మానేసి, ఒకే అంకెను రెండు చోట్ల చూసి, రెండూ రాసుకురమ్మని చెప్పండి.